చెదలు తిన్న గ్రంథం – చెదరని రక్షణ

శ్రీ లక్ష్మీనృసింహ పరబ్రహ్మణే నమః

కొన్నేండ్ల క్రితం మా మోత్కూరులో కార్తీకమాసాన భాగవత ప్రవచనం చేయుచుంటిమి. ఆనాటి ఘట్టం గజేంద్రమోక్షణం. శరణాగతుని ఈశ్వరుడు ఎన్నడూ విడువడని, కంటికి రెప్పవలె కాచుచుండునని విస్తరించి చెప్పినాము. హారతి అయినది. జనులు తీర్థప్రసాదములు స్వీకరించి ఇండ్లకు మరలినారు. ఒక రైతు మాత్రం మండప స్తంభానికి ఆనుకొని కదలక కూర్చున్నాడు. దగ్గరకు పిలిచి సంగతేమని అడిగినాము.

ఆయన లేచి నిలబడి, భుజము మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకొని, "అయ్యగారూ, ఒక్క మాట అడుగుతా, తప్పయితే మన్నించుండ్రి. దేవుడు ఎల్లకాలం కాపాడుతడని చెప్పిండ్రు. మా రెండు బోర్లు ఎండిపోయినయి. చేతికొచ్చిన కొడుకు జ్వరమొచ్చి పోయిండు. ఆ నాడు ఆయన ఏడికి పోయిండు?" అని అడిగినాడు.

శాస్త్రము చదువుకొన్నవారము కనుక సమాధానాలు మా నోట సిద్ధంగానే ఉండినవి. కర్మఫలమని చెప్పవచ్చును. ఈశ్వర సంకల్పమని చెప్పవచ్చును. అవి అసత్యములు కావు. కాని కొడుకును పోగొట్టుకొన్న తండ్రి ముఖం చూచి ఆ మాటలు అనుటకు మాకు నోరు రాలేదు. "నాయనా, నీ ప్రశ్నకు వెంటనే బదులు చెప్పజాలము, ఆలోచించి చెప్పెదము" అని మాత్రము అంటిమి. ఆయన దండము పెట్టి వెళ్లిపోయినాడు. ఈనాటి మా ప్రసంగం ఆయనకు మేము పడిన బాకీ. ఆనాడు చెప్పిన కథ ఎవరిదో, ఆ కథ మనదాకా ఎట్లు వచ్చినదో తరచి చూచిన పిమ్మటనే మాకు ఒక దారి కనబడినది. దానిని మీ ముందుంచుచున్నాము.

కవి నివసించిన కాలం

మన మోత్కూరునకు ఈశాన్యదిశలో, జనగామ ప్రాంతమున, పాలకుర్తి సమీపాన బమ్మెర గ్రామమున్నది. నైరుతిదిశలో సంస్థాన్ నారాయణపురం వైపు రాచకొండ దుర్గమున్నది. వాయవ్యమున శ్రీ లక్ష్మీనృసింహుడు కొలువైన యాదగిరిగుట్ట. మొదటిది భాగవతకవి బమ్మెర పోతనామాత్యుని ఊరు. రెండవది ఆయనను బాధించినట్లు పెద్దలు చెప్పుకొను ప్రభువు దుర్గం. మూడవది ప్రహ్లాదవరదుని క్షేత్రం. పోతన తమవాడేనని కడప సీమలోని ఒంటిమిట్ట భక్తులును అభిమానించుదురు. మహాత్ముడు అందరివాడు గనుక ఆ తగవు మనకక్కరలేదు.

పోతన జీవించినది పదునైదవ శతాబ్దమని పండితుల అభిప్రాయం. అది ఎట్టి కాలమో ఒక్కమారు స్మరించుదము. 1323లో ఓరుగల్లు పతనమై కాకతీయ సామ్రాజ్యము అస్తమించినది. ప్రతాపరుద్ర చక్రవర్తి బందీ అయినాడు. 1336 ప్రాంతమున ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి సాధించినాడు. 1368లో ఆయన రేచర్ల వెలమ ప్రభువులతో జరిగిన యుద్ధమున మరణించినాడు. తరువాత రాచకొండ, దేవరకొండ దుర్గములనుండి ఆ రేచర్లవారే ఈ నేలను పాలించినారు. 1424-25లో బహమనీ సుల్తాను అహమ్మద్ షా ఓరుగల్లును పట్టుకొన్నాడు. 1460లో ఓఢ్ర గజపతుల సేన దానిని గెలిచినది. కొన్ని తరములలోనే కోటమీద జెండాలు ఇన్నిమార్లు మారినవి. ప్రభువు మారినప్పుడెల్ల పన్నుకట్టు మారును, దారులలో సైన్యములు నడచును, పంటచేలు త్రొక్కుడుపడును. ఈనాడున్న ఇల్లు రేపు ఉండునో లేదో ఎరుగని దినములవి.

అట్టి రోజులలో కేసన మంత్రికిని లక్కమాంబకును పుత్రుడుగా జన్మించి, శైవసంప్రదాయమున పెరిగి, వీరభద్రవిజయము రచించిన ఒక కవి, ఒక చంద్రగ్రహణపు వేళ నదీస్నానము చేసి ఇసుకతిన్నె మీద మహేశ్వరధ్యానమునందుండినాడు. అప్పుడు శ్రీరామచంద్రుడు దర్శనమిచ్చి తన పేర భాగవతమును తెనుగు చేయుమని ఆజ్ఞాపించినట్లు ఆయన తన గ్రంథపీఠికలోనే చెప్పుకొన్నాడు. శివుని ధ్యానించిన వానికి రాముడు కనబడినాడు! హరిహరభేదము పాటించువారు ఈ ఒక్క విషయమును మననం చేసికొనిన చాలును.

ఇచట గమనింపవలసినదొకటి కలదు. రాజ్యములు కూలుచున్న కాలమున ఆశ్రయము కోరువాడు బలవంతుడైన ప్రభువును చూచుకొనును. లోకరీతి అది. కవులకు ఆనాడు రాజాశ్రయమే జీవనాధారం. కృతిని రాజునకు అంకితమిచ్చి అగ్రహారములు, వాహనములు, ధనము పొందుట ఆచారం. పోతన మాత్రం ఆ దారి త్రొక్కనని స్పష్టముగా పలికి తన కృతిని శ్రీహరికే సమర్పించినాడు. ఆయన హలము పట్టి సేద్యము చేసి బ్రతికినాడని పెద్దలు చెప్పుదురు. మెట్టనేల సేద్యమెట్టిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. వాన కురిసిన పంట, లేకున్న పస్తు. అటువంటి బ్రతుకులోనుండి వచ్చినదే గజేంద్రుని మొర.

గ్రంథమునకు వచ్చిన ఆపద

రాచకొండ ప్రభువు సింగభూపాలుడు భాగవతమును తనకు అంకితమిమ్మని కోరినాడట. పోతన అంగీకరింపలేదట. కోపించిన ప్రభువు ఆ తాళపత్రములను తెప్పించి భూమిలో పాతిపెట్టించినాడట. కొంతకాలమునకు భగవత్ప్రేరణవలన పశ్చాత్తాపము కలిగి బయటికి తీయించగా, అప్పటికే కొన్ని భాగములు చెదలు తినివేసినవట. ఇది తరతరములుగా వచ్చుచున్న ఐతిహ్యము. సింగభూపాలుడను పేరుగలవారు ఆ వంశమున ఒకరికంటె ఎక్కువమంది ఉన్నారు. వారిలో రసార్ణవసుధాకరమను అలంకారగ్రంథమును రచించిన విద్వత్ప్రభువును ఉన్నాడు. కనుక ఎవరిమీదనో నింద మోపుట మా ఉద్దేశము కాదు. యుద్ధములవలననో, అశ్రద్ధవలననో, కాలవశముననో గ్రంథము శిథిలమై ఉండునని చరిత్రకారులు తలచుదురు.

ఐతిహ్యము ఎట్లున్నను, ఒక్క విషయము మాత్రము నిశ్చయము. పండ్రెండు స్కంధముల ఆంధ్రమహాభాగవతము మొత్తము నేడు మనకు పోతన కలమునుండి వచ్చినదిగా లేదు. పంచమస్కంధము బొప్పరాజు గంగన రచన. షష్ఠస్కంధము ఏర్చూరి సింగన రచన. ఏకాదశ, ద్వాదశ స్కంధములు పోతన శిష్యుడైన వెలిగందల నారయ రచన. ఈ సంగతి ఆయా స్కంధములే చెప్పుచున్నవి.

భగవద్బంధువులారా! ఇది వినినప్పుడు మనకు కలుగవలసిన ప్రశ్న ఆ రైతు ప్రశ్నయే. సాక్షాత్తు శ్రీరాముడు ప్రత్యక్షమై వ్రాయించిన గ్రంథమునకు చెదలేల పట్టినది? గజేంద్రుని కాచినవాడు, ప్రహ్లాదుని కాచినవాడు, వారి కథలున్న ఆకులకు నాలుగు చెదపురుగులు పట్టకుండ కాచలేకపోయినాడా? రక్షణ అనగా ఏ నష్టమును కలుగకుండుట అని అర్థము చెప్పినచో, భాగవత చరిత్రమే ఆ అర్థమును ఖండించుచున్నది. కావున మన అర్థమునందే పొరపాటు ఉన్నది.

గజేంద్రుని వేయి సంవత్సరములు

ఇక ఆ కథలోనికే పోవుదము. అష్టమస్కంధమున త్రికూటపర్వతముపై సరోవరమున గజరాజు కాలు మొసలి నోట చిక్కినది. ఆ పోరు ఎంతకాలము సాగినది? వేయి సంవత్సరములని వ్యాసభగవానుడు చెప్పినాడు. మనము కథ చెప్పునప్పుడు ఈ మాటను వేగముగా దాటిపోవుదుము. పిలిచిన వెంటనే వచ్చినాడందుము. పిలిచిన వెంటనే వచ్చిన మాట నిజమే. కాని పిలుపునకు ముందు వేయేండ్లు గడచినవి! ఏనుగు నేల మీది ప్రాణి, మొసలి నీటి ప్రాణి. దినదినమునకు దీనికి బలము తరిగినది, దానికి పెరిగినది. తోడి ఏనుగులు లాగి చూచి, చేతకాక విడిచినవి. మనకు వచ్చు కష్టములును ఇట్లే కదా. మొదటి దినమున చుట్టములందరు వత్తురు. పదవ దినమునకు పలుచబడుదురు.

ఆ స్థితిలో గజేంద్రుడు స్తుతి చేసినాడు. ఒక ఏనుగునకు అంత గంభీరమైన స్తోత్రము ఎక్కడిది? వ్యాసుడు కారణము చెప్పినాడు. అది పూర్వజన్మమున నేర్చిన జపము. ఆ గజము పూర్వమున ఇంద్రద్యుమ్నుడను రాజు, విష్ణుభక్తుడు. అగస్త్యశాపమున ఏనుగైనాడు. దేహము మారినది, భాష మారినది, రాజ్యము పోయినది. నేర్చిన జపము మాత్రము లోపల ఉండిపోయినది. అవసరము వచ్చిన దినమున పైకి వచ్చినది.

మేము బదులు దొరకక వెదకుచున్న వేళ ఈ మాట మమ్ము నిలిపివేసినది. గజేంద్రుని రక్షణ ఎన్నడు మొదలైనది? చక్రము మొసలి కంఠమును ఖండించినప్పుడా? కాదు. గరుడారూఢుడై స్వామి బయలుదేరినప్పుడా? కాదు. మొసలి కాలు పట్టుటకు ఒక జన్మము ముందే మొదలైనది. ఆపద రాకముందే రక్షణకు బీజము పడియున్నది. మనకు కనబడునది దాని చివరి ఘడియ మాత్రమే.

ప్రహ్లాదుని కథయు అట్లే. స్తంభము పగిలినప్పుడు స్వామి వచ్చినాడందుము. ఎక్కడనుండి వచ్చినాడు? స్తంభములోనుండియే గదా! అనగా హిరణ్యకశిపుడు గద ఎత్తుటకు ముందు, ఆ సభ కట్టుటకు ముందు ఆయన అచట ఉన్నాడు. అగ్నిలో త్రోసినప్పుడు, ఏనుగులచే త్రొక్కించినప్పుడు, విషము పెట్టినప్పుడు కూడ ఉన్నాడు. బాలునికి ఆ బాధలు తప్పలేదు. బాధలలో తోడు తప్పలేదు. యాదగిరిగుట్టపై స్వామి ఆలయ పునర్నిర్మాణమైనప్పుడు స్వామివారే దాదాపు ఆరేండ్లు బాలాలయమున ఉండి భక్తులకు దర్శనమిచ్చినారు. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగి ప్రధానాలయ దర్శనము ఆరంభమైనది. బాలాలయమున నున్న కాలమున స్వామి లేడని ఎవరైన అనుకొంటిరా? చోటు చిన్నది, స్వామి చిన్నవాడు కాడు.

మరియొక విషయము. పోతన తన గజేంద్రుని నోట సంశయమును కూడ పలికించినాడు. ఉన్నాడని నలుగురు చెప్పుకొను ఆ దైవము నిజముగా ఉన్నాడా అని గజేంద్రుడు శంకించినాడు. భక్తాగ్రేసరుడైన కవి ఆ మాటను దాచిపెట్టవచ్చును. దాచలేదు. ఆ శంకను కూడ స్తోత్రముననే చేర్చినాడు. స్వామియు ఆ శంకకు కోపగించుకొని మరలిపోలేదు. కనుక "ఏడికి పోయిండు?" అని అడిగిన రైతు నాస్తికుడు కాడు. గజేంద్రుడు నిలిచిన మడుగుననే ఆయనయు నిలిచి ఉన్నాడు. తప్పయితే మన్నించమని మమ్ము అడిగినాడు. అందు తప్పేమియు లేదు.

బావిగట్టు మీది కథ

పండితులు చెప్పుకొను మరియొక ఐతిహ్యమున్నది. శ్రీనాథ మహాకవి పోతనకు బావమరిదియని లోకమున ప్రసిద్ధి. చరిత్రకారులు దీనిని అంగీకరింపరు. అయినను కథలోని సారము గ్రహింపదగినది. స్వామి శంఖచక్రములు లేకయే, లక్ష్మీదేవికైన చెప్పకయే పరుగెత్తినాడని పోతన వర్ణించినాడు. అది చూచి శ్రీనాథుడు, "ఆయుధము లేక పోయి ఏమి చేయును? వేడుక చూడబోయినాడా?" అని ఎగతాళి చేసినాడట. పోతన అప్పుడేమియు అనలేదట. కొంతసేపటికి శ్రీనాథుడు భోజనము చేయుచుండగా ఒక పెద్ద బండరాయిని బావిలో పడద్రోసి, "అయ్యో, నీ బిడ్డ బావిలో పడినాడు!" అని కేకవేసినాడట. శ్రీనాథుడు విస్తరి ముందునుండి లేచి, ఎంగిలిచేతితో బావికడకు పరుగెత్తినాడట. "బావా, త్రాడు లేదు, నిచ్చెన లేదు, వచ్చి ఏమి చేయుదువు?" అని పోతన నవ్వినాడట.

ఈ కథను సాధారణముగా కవిత్వ చమత్కారముగా చెప్పుదురు. మాకు దీనిలో తత్త్వము కనబడుచున్నది. తండ్రికి మొదట కదలునది కాళ్లు. ఉపాయము తరువాత వచ్చును. భగవంతుడు మన కష్టమును తీర్చు ఉపాయము చేతబట్టుకొని వచ్చుటకు ముందే, తాను మన దగ్గరకు వచ్చి ఉండును. చక్రము వెనుకనే వచ్చినది. చక్రము కనబడలేదు గనుక స్వామియు రాలేదనుకొనుట మన తొందరపాటు.

ముందుగా త్రవ్విన చెరువు

రక్షణ ఆపదకు ముందే సిద్ధమగునను మాట మన మెట్టప్రాంతపు వారికి తెలియనిది కాదు. నల్లగొండ చెంత పానగల్లులో ఉదయసముద్రమను చెరువున్నది. కందూరు చోడులు కాకతీయుల కాలమున దానిని కట్టించినారు. అటు వరంగల్లు వైపు పాకాల, రామప్ప, లక్నవరము మున్నగు చెరువులు కాకతీయులనాటివి. కట్టించిన రాజ్యములు కూలి శతాబ్దములైనవి. చెరువులు మాత్రము నీరిచ్చుచునే ఉన్నవి. కరువు వచ్చిన పిదప చెరువు త్రవ్విన లాభమేమి? వానలున్న ఏట కట్ట పోసినవాడే ఎండల ఏట గ్రామమును కాచినవాడు. త్రవ్వినవాడు ఆ నీటిని త్రాగబోవు బిడ్డల ముఖములు చూడలేదు. 2015లో మిషన్ కాకతీయ పేర ఈ చెరువులలో పూడిక తీయుట ఆరంభించినప్పుడు ఎనిమిది వందల యేండ్ల నాటివారి ముందుచూపును జనులు కొనియాడినారు.

వేదమునకు జరిగినది కూడ ఇదియే. మేము పాఠశాలలో ఉన్నప్పుడు గురువుగారు సంత చెప్పుచుండ, మేము వల్లె వేయుచుంటిమి. సంహిత, పదము, క్రమము, జట, ఘనము. ఒకే వాక్యమును ముందునకు వెనుకకు త్రిప్పి త్రిప్పి చెప్పవలెను. ఇంత శ్రమ ఏలయని పిల్లలము విసిగికొనెడివారము. ఆకునకు చెద పట్టును, కాగితము తడియును, కోట కూలును. నోటిలోని స్వరమునకు అవి లేవు. ఒకచోట మరచినచో రెండవచోట పట్టుకొనునట్లుగా పూర్వులు కట్టుదిట్టము చేసినారు. 2003లో యునెస్కో సంస్థ ఈ వేదపఠన సంప్రదాయమును మానవజాతి మహోన్నత వారసత్వముగా ప్రకటించినది. ఆపద ఎరుగని దినములలో గురువు చెప్పిన సంతయే ఆపద నాటికి రక్ష.

ఇప్పుడు చెదలు తిన్న భాగవతమును మరల చూతము. ఆకులు నశింపకముందే పోతన శిష్యులను తయారుచేసినాడు. ఆయన శైలి, ఆయన భక్తి నారయ హృదయమున నాటుకొని ఉన్నవి. ఆ లోటును చూచి గంగన, సింగన వంటివారు పూనుకొన్నారు. స్వామి చెదపురుగులను ఆపలేదు. అయితే చెదలు తాకలేని చోట గ్రంథమును ముందే ఉంచినాడు. అందువలననే అక్షరము రాని అవ్వలు కూడ మన పల్లెలలో గజేంద్రుని మొరను కంఠతా పాడిరి. పాతిపెట్టుటకు అది ఆకుల మీద లేదు, నాలుకల మీద ఉన్నది.

బిక్కేరు వాగు

ఇంతవరకు చెప్పినది చదివిన సంగతి. ఇప్పుడు మేము పడిన సంగతి ఒకటి విన్నవించెదము.

మాకు అప్పటికి పండ్రెండేండ్లు. శ్రావణపౌర్ణమి ఉపాకర్మకై పాఠశాలనుండి ఇంటికి నడచి వచ్చుచుంటిమి. పైన ఎక్కడనో వాన కురిసినది. బిక్కేరు వాగు మోకాలి బంటి పారుచుండినది. ఎండకాలమున ఇసుక తప్ప నీరు కనబడని వాగు అది. ఏమగునులే అని దిగినాము. నడుమకు పోవుసరికి నీరు నడుమునకు వచ్చినది. కాలిక్రింద ఇసుక జారినది. పుస్తకముల మూట కొట్టుకొనిపోయినది.

నిజము చెప్పవలెను. అంతవరకు వేలసార్లు వల్లించిన మంత్రములలో ఒక్కటియు ఆ క్షణమున నోట రాలేదు. "అమ్మా!" అను కేక మాత్రము వచ్చినది. ఇంతలో ఒక పొడుగాటి కర్ర మా రొమ్మునకు తగిలినది. గట్టున గొంగడి కప్పుకొన్న ఒక గొల్లవాడు ఆ కర్ర రెండవ కొన పట్టుకొని నిలిచి, "ఇడువకు అయ్యా, ఇడువకు!" అని అరచుచున్నాడు. పట్టుకొన్నాము. ఆయన లాగినాడు. గట్టున పడిన పిమ్మట, "నీళ్లు చూస్తలేవా? పారే వాగుల ఎవడన్న దిగుతడా?" అని కోపపడినాడు. తన గొంగడి మాపై కప్పినాడు. ఊరి పొలిమేర దాకా తోడు వచ్చి, గొర్రెలు చెదరిపోవునని వెనుకకు మరలినాడు. ఆయన పేరడుగుటకు మాకు తోచలేదు. పెద్దవారమైన తరువాత ఆ చుట్టుపట్ల గ్రామములలో విచారించినాము. తెలియలేదు.

చాలాకాలము మేము దీనిని, పిలిచినాము, వచ్చినాడు అని చెప్పుకొంటిమి. వయసు వచ్చిన తరువాత ఒక సంగతి స్ఫురించినది. ఆ గొల్లవాడు మేము పిలిచినందున రాలేదు. ఆయన అంతకు ముందే అచట ఉన్నాడు. గొర్రెలు వాగులో దిగకుండ కాచుటకై గట్టున నిలిచి ఉన్నాడు. ఆ కర్ర గొర్రెలకై తెచ్చినది. మేము నీటిలో అడుగుపెట్టకముందే గట్టున కర్ర సిద్ధముగా ఉన్నది. మేము చూడలేదు, అంతే.

ఆనాడు పోయిన పుస్తకముల మూట మరల దొరకలేదు. అందులో మా తాతగారి చేవ్రాత ప్రతి ఒకటి ఉండినది. నేటికిని దానిని తలచుకొన్న మనసు కలుక్కుమనును. మమ్ము రక్షించినాడు, మూటను పోనిచ్చినాడు. రెండును నిజములే. ఒక నిజమును చెప్పి రెండవ దానిని దాచుట భక్తి కాదు.

రైతునకు మా బదులు

మరుసటి యేడు కార్తీకమున ఆ రైతు మరల వచ్చినాడు. ఆయనను కూర్చుండబెట్టుకొని చెప్పినాము. "నాయనా, నీ కొడుకు ఏల పోయినాడో మాకు తెలియదు. తెలిసినట్లు చెప్పిన అబద్ధమగును. చెదలు కొన్ని ఆకులనే ఏల తిన్నవో కూడ ఎవరును చెప్పలేరు. రక్షణ అనగా పోకుండుట కాదు. పోయిన పిమ్మటను మనిషి నిలిచి ఉండుట రక్షణ. ఆ నిలుపు నీ చుట్టును ముందే సిద్ధమై ఉన్నది. వెదకి చూడుము" అంటిమి.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పిదప, "మా పక్క చెలక ఆయన పోయినేడు రెండు తడులు నీళ్లు ఇచ్చిండు అయ్యగారూ. అడగకముందే ఇచ్చిండు. అందుకే ఆ ఎకరం నిలవడ్డది" అన్నాడు. కొంత ఆగి, "అయినా పోరడు యాదికొస్తడు" అన్నాడు. "రావలెను నాయనా" అంటిమి. అంతకుమించి మేము చెప్పినది లేదు.

కనుక భగవద్బంధువులారా! స్వామి రక్షించునని చేతులు ముడుచుకొని కూర్చుండుట గజేంద్రుడు నేర్పిన పాఠము కాదు. ఆయన వేయేండ్లు పోరాడినాడు. కష్టము రాగానే స్వామి లేడనుట కూడ ఆ పాఠము కాదు. రెంటికి నడుమ మనము చేయదగినవి మూడు ఉన్నవి. నెమ్మదిగా ఉన్న దినములలో నామస్మరణమును అలవరచుకొనవలెను. పిల్లలకు నాలుగు పద్యములు కంఠస్థము చేయింపవలెను. అది ఏ జన్మమున ఏ మడుగున అక్కరకు వచ్చునో మనకు తెలియదు. రెండవది, కష్టమున శంక కలిగిన ఆ శంకను కూడ స్వామికే చెప్పుకొనవలెను. ఆయనకు కాక ఎవరికి చెప్పుదుము? మూడవది ముఖ్యమైనది. ఎదుటివాడు వాగులో దిగినప్పుడు మన చేతిలో కర్ర ఉన్నదేమో చూచుకొనవలెను. ఉన్నచో అది మన గొర్రెల కొరకు మాత్రమే ఇచ్చినది కాదు. నారయ చేతికి గంటమును, పక్క చెలకవానికి నీటిని, పేరు తెలియని గొల్లవానికి కర్రను ఇచ్చినవాడు ఒక్కడే. నేడు మన చేతికి ఏమి ఇచ్చినాడో మనమే చూచుకొనవలెను.

యాదగిరి నృసింహస్వామి, స్తంభమున ముందే ఉన్న ఆ స్వామి, మన ఇంటి స్తంభములందును ఉండి, తరుణము వచ్చినప్పుడు కనబడుగాక. తరుణము రానంతవరకు కనబడకయే కాచుగాక.

స్వస్తి.